గాలుమ్ కయీనేనా? ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ సినిమాలో బైబిల్ ఆనవాళ్లు

గోదారి_గాలి

టోల్కీన్ నవల, దాని మీద పీటర్ జాక్సన్ తీసిన మూడు భాగాల సినిమా ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో బైబిల్ అనే మాట వస్తే చాలు, చర్చ ఒకే దారిన పోతుంది. చచ్చి తిరిగొచ్చిన మాంత్రికుడు గండాల్ఫ్ క్రీస్తా, మనసును చెడగొట్టే ఉంగరాన్ని అగ్నిలో వేయడానికి మోసిన హాబిట్ (పొట్టి జాతివాడు) ఫ్రోడో క్రీస్తా, సింహాసనానికి తిరిగొచ్చిన రాజు ఆరగార్న్ క్రీస్తా? ఈ ముగ్గురినీ కాసేపు పక్కన పెడదాం. నాకు ఆ సినిమాలో బైబిల్ అన్నిటికంటే బలంగా కనిపించేది, ఆ ఉంగరం పిచ్చిలో పాడైపోయిన గాలుమ్ దగ్గర.

మూడో భాగం ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ 2003లో వచ్చింది. అది ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకోండి. యుద్ధం లేదు, కోట లేదు. గాలానికి గుచ్చబోయే వానపాము, దాన్ని పట్టుకున్న వేళ్లు, నవ్వుతున్న ఒక మామూలు మొహం. అతను స్మీగల్, తర్వాత గాలుమ్ అయ్యేవాడు. పడవలో పక్కన స్నేహితుడు డీగల్. గాలానికి పడిన పెద్ద చేప డీగల్‌ను నీళ్లలోకి లాగేస్తుంది, అడుగున బురదలో ఉంగరం మెరుస్తుంది. ఒడ్డుకు వచ్చాక స్మీగల్ అది నాకిచ్చెయ్ అంటాడు. ఎందుకివ్వాలి అంటే, ఇవాళ నా పుట్టినరోజు కాబట్టి అంటాడు. ఆ తర్వాత పెనుగులాట. గొంతు పిసికి చంపేస్తాడు.

ఆదికాండము 4వ అధ్యాయం చదివినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. అక్కడ పొలం, ఇక్కడ ఏటి ఒడ్డు. కయీనుకు పడిన శిక్ష దేశదిమ్మరిగా తిరగడం. స్మీగల్‌ను సొంత జనమే హంతకుడని శపించి తరిమేస్తారు, వాడు కొండల కింద చీకట్లో దూరతాడు.

అయితే కయీను కథలో మనం తొందరగా దాటేసే వాక్యం ఒకటుంది. కనబడినవాడెవడైనా నన్ను చంపేస్తాడని కయీను మొరపెట్టుకుంటే, ఎవరూ చంపకుండా దేవుడు వాడికి ఒక గురుతు వేశాడు. తమ్ముణ్ణి చంపినవాడికి రక్షణ! గాలుమ్ విషయంలోనూ అంతే. ఫ్రోడో కంటే ముందు ఉంగరం దొరికిన బిల్బో చంపగలిగీ చంపలేదు. ఫ్రోడో చంపలేదు. గొండోర్ రాజ్య సేనాని ఫారమిర్ విలుకాళ్లు గురి పెట్టి కూడా ఆగారు. మోరియా గుహల్లో గండాల్ఫ్ ఫ్రోడోకు చెప్పేది కూడా ఇదే: చావు తీర్పు ఇవ్వడానికి తొందరపడకు, వీడికి ఇంకా చేయాల్సిన పనేదో మిగిలి ఉందని నా మనసు చెబుతోంది అని. చివరికి ఉంగరం అగ్నిలో పడింది, బతకనిచ్చిన ఆ కయీను వల్లే.

టోల్కీన్ ఇది తెలిసే పెట్టాడంటారా?

పాత_పుస్తకం

ఆయన మాటల్లోనే జవాబుంది. 1953 డిసెంబరులో రాబర్ట్ ముర్రే అనే, క్యాథలిక్ జెస్విట్ సభకు చెందిన మిత్రుడికి రాసిన ఉత్తరంలో, ఇది మూలంలో మతపరమైన, క్యాథలిక్ రచన అన్నాడు. మొదట్లో తెలియకుండా అలా వచ్చిందట, తిరగరాసేటప్పుడు మాత్రం తెలిసే. అందుకే కథలో గుళ్లు, ఆరాధనలు లాంటివి దాదాపు తీసేశానని కూడా అక్కడే రాశాడు. మతం కథ లోపలికి ఇంకిపోయింది కాబట్టి పైన కనిపించక్కర్లేదన్నమాట.

అదే మనిషి రెండో కూర్పు ముందుమాటలో, ప్రతి పాత్ర వెనకా ఇంకో అర్థం ముడిపెట్టే పద్ధతి తనకు గిట్టదని తేల్చి చెప్పాడు. కాబట్టి గాలుమ్ ‘కయీనే’ అనడానికి నేను ఒప్పుకోను. కానీ మీరు పట్టుకున్న దారి మాత్రం సరైనదే, దానికి ఇంకో ఆధారం ఇస్తాను. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిష్ చెప్పిన ఆచార్యుడు, ‘బేవుల్ఫ్’ కావ్యం మీద 1936లో ఆయన ఇచ్చిన ఉపన్యాసం ఇప్పటికీ చదువుతారు. ఆ కావ్యంలో రాక్షసుడు గ్రెండెల్ ఎవరి వంశం? కయీను వంశం. కవి ఆ మాట స్పష్టంగా చెబుతాడు. మనుషుల విందు చప్పుడు వినలేక చీకట్లో తిరుగుతూ, చల్లని మడుగు దగ్గర బతికే ప్రాణి అది. చీకటి గుహలో, చెరువు మధ్య రాతి మీద బతికే గాలుమ్‌కు ఆ పోలికలు ఉన్నాయని నా నమ్మకం. కయీను ఈ కథలోకి బైబిల్ నుంచి నేరుగా రాలేదు, వెయ్యేళ్ల పాత ఇంగ్లిష్ పద్యం మీదుగా వచ్చాడు.

ఇంకో మాట. ఈ కథలో ఉన్నదంతా బైబిలే అనుకోవద్దు. గండాల్ఫ్ పేరు పాత నార్స్ పద్యంలోని మరుగుజ్జుల జాబితాలోది. ఆ బూడిదరంగు అంగీ, ఆ టోపీ, ఆ కర్ర ఓడిన్ దేవుడు మారువేషంలో తిరిగే తీరు. టోల్కీనే ఒక ఉత్తరంలో ఆయన్ని ఓడిన్‌లాంటి బాటసారి అన్నాడు.

రెండో_ఆట

సినిమావాళ్లు చేసిన పని గురించి కూడా మాట్లాడుకోవాలి. ఆ మొదటి సీన్లో ఆండీ సెర్కిస్ సొంత మొహంతో కనిపిస్తాడు. అప్పటిదాకా ఆయన నటన మీద కంప్యూటర్ బొమ్మ తొడిగే చూశాం. ఇక్కడ మనిషి మొహం మన కళ్ల ముందే పాడవుతూ వస్తుంది. చర్మం పాలిపోతుంది, జుట్టు ఊడుతుంది, పచ్చి చేపను పళ్లతో చీలుస్తాడు. వెనక వాడి గొంతు వినిపిస్తుంటుంది: రొట్టె రుచి మర్చిపోయాం, చెట్ల చప్పుడు మర్చిపోయాం, గాలి మెత్తదనం మర్చిపోయాం, ఆఖరికి మా పేరు కూడా.

ఆ జాబితాలో మొదట వచ్చేది రొట్టె. తర్వాత అదే సినిమాలో ఫ్రోడోకు, అతని స్నేహితుడు శామ్‌కు గాలుమ్ దారి చూపిస్తుంటే, కిరిత్ ఉంగోల్ అనే కొండ మెట్ల మీద ఏం జరుగుతుంది? శామ్ నిద్రపోతుంటే గాలుమ్ ఎల్ఫ్ జాతివాళ్లు దారికోసం ఇచ్చిన లెంబాస్ రొట్టెను లోయలోకి విసిరేసి, పొడి మాత్రం శామ్ కోటు మీద చల్లుతాడు. ఫ్రోడో ఆ పొడి చూసి, శామే తినేశాడనుకుని అతన్ని ఇంటికి పొమ్మంటాడు. పుస్తకంలో ఈ ఘట్టం లేదు, టోల్కీన్ అభిమానులు చాలామంది దీన్ని తిడతారు. నాకు మాత్రం సినిమా చేసిన మంచి పనుల్లో ఇదొకటి. రొట్టె రుచి మర్చిపోయినవాడు రొట్టెతోనే ఇద్దరు స్నేహితులను విడదీశాడు.

దీపస్తంభం

రెండో_ఆట గారు, మీరు చెప్పింది చదివాక యోహాను 13వ అధ్యాయం తీశాను. యేసు ముక్క ముంచి యూదాకు ఇస్తాడు. ఆ ముక్క పుచ్చుకున్న వెంటనే సాతాను వాడిలో ప్రవేశించాడని ఉంటుంది. వాడు బయటికి వెళ్లగానే వచ్చే మాట, అప్పుడు రాత్రివేళ. రొట్టె దగ్గరే ద్రోహం!

మేము ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్లం కాబట్టి లెంబాస్ చూడగానే దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పుచ్చుకునే పవిత్రమైన రొట్టె గుర్తొస్తుంది. ముఖ్యంగా చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు ఫాదర్‌గారు ఇంటికి తెచ్చి ఇచ్చేది, ఆఖరి ప్రయాణానికి దారిబత్తెం. ఇది నేను అంటగడుతున్నది కాదు. ఒక పాఠకురాలికి 1958లో రాసిన ఉత్తరంలో, లెంబాస్‌లో ఆ సత్ప్రసాదాన్ని ఒకరు, ఎల్ఫ్ రాణి గలాడ్రియల్ పాత్రలో మరియమాత భక్తిని ఇంకొకరు చూశారని టోల్కీనే చెప్పాడు. పుస్తకంలో ఆ రొట్టె వేరే తిండి ఏమీ లేనప్పుడు ఎక్కువ బలమిస్తుందని, అది కడుపు కంటే సంకల్పానికి తిండి అని రాస్తాడు. గాలుమ్‌కు మాత్రం అది నోట్లో దుమ్ములా, బూడిదలా ఉంటుంది.

అన్నట్టు మొదటి భాగంలో, ఫ్రోడోతో బయల్దేరిన బృందంలోని యోధుడు బోరొమిర్ చావు గురించి ఎవరూ అనలేదు. బాణాలు దిగి చెట్టుకు ఆనుకుని ఉన్నవాడు, ఫ్రోడో దగ్గర ఉంగరం లాక్కోబోయానని ఒప్పుకుంటాడు. ఆరగార్న్ ఆ తప్పును ఎత్తిపొడవడు, నీ పరువు నిలబెట్టుకున్నావంటాడు. ప్రాణం పోయాక నుదుటి మీద ముద్దు పెడతాడు. ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనం చేసి (పాపాలు ఒప్పుకుని) లేచినప్పుడు కలిగే తేలిక తెలిసినవాళ్లకు ఆ సీన్ ఇంకోలా అర్థమవుతుంది.

సండేస్కూల్_టీచర్

మీ అందరి పోస్టులూ చదివాను. నాకొక సందేహం, మనసులో ఉన్నది ఉన్నట్టు అడుగుతున్నాను. మా సంఘంలో పెద్దలు ఈ సినిమాలు పిల్లలకు చూపించొద్దంటారు. మాంత్రికులు, మంత్రదండాలు ఉన్న కథ కదా. ద్వితీయోపదేశకాండము 18లో సోదె, శకునాలు, మంత్రాలు యెహోవాకు హేయమని ఉంది. అలాంటి కథలో దేవుని సత్యం వెతకడం సబబేనా?

పాత_పుస్తకం

మంచి ప్రశ్న అడిగారండీ. గండాల్ఫ్ మంత్రం నేర్చుకున్న మనిషి కాడు. 1954లో రాసిన ఉత్తరంలో టోల్కీన్ ఆయన్ని శరీరం ధరించిన దేవదూతగా వివరించాడు. పంపిన పని కోసం వచ్చినవాడు. బల్‌రోగ్ అనే అగ్ని రాక్షసుడితో పోరాటంలో నిజంగానే చనిపోయాడని, పంపినవారే తిరిగి పంపారని అందులోనే ఉంది. సినిమాలో కూడా, నా పని పూర్తయ్యేదాకా నన్ను వెనక్కి పంపారు అనే అంటాడు. తనంతట తానే లేచానని అనడు. అందుకే ఆయన్ని క్రీస్తుతో పోల్చడం కంటే దూతతో పోల్చడం నయం.

శక్తిని సొంతం చేసుకోవాలనుకునేవాళ్లను ఈ కథ మెచ్చుకోదు. శక్తి కోసం చెడ్డవైపు వెళ్లిన మాంత్రికుడు సారుమన్‌ను చూడండి. అపొస్తలుల కార్యములు 8లో గారడీ సీమోను డబ్బిచ్చి పరిశుద్ధాత్మ వరాన్ని కొనబోతాడు కదా, సారుమన్ ఆ జాతివాడు. ఉంగరాన్ని చేతికిస్తానన్నా గండాల్ఫ్ తీసుకోడు, మంచి చేయాలనే కోరికతోనే మొదలుపెట్టి ఘోరానికి దిగుతానని భయపడతాడు. మీ పెద్దల జాగ్రత్తను తక్కువ చేయడం లేదు. అయితే ద్వితీయోపదేశకాండము దేన్ని హేయమంటుందో ఆ ఆశనే ఈ కథ కూడా హేయమంటోంది.

గోదారి_గాలి

దానికి తోడు, రెండో భాగంలో గండాల్ఫ్ తిరిగొచ్చే సీన్ చూడండి టీచర్ గారు. ఫాంగోర్న్ అడవిలో తెల్లని వెలుగు. ఆరగార్న్, అతని తోటివాళ్లు లెగోలాస్, గిమ్లీ సారుమనే అనుకుని మీద పడతారు. బాణం, గొడ్డలి పక్కకు పోతాయి, కత్తి చేతిలో కాలిపోతుంది. మొదట్లో వినిపించే గొంతు కూడా సారుమన్ గొంతు కలిపినదే. తర్వాత గుర్తుపట్టి లెగోలాస్ మోకాళ్ల మీద పడతాడు. లేచిన యేసును మగ్దలేనే మరియ తోటమాలి అనుకుంది, ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు చాలాదూరం కలిసి నడిచి కూడా పోల్చుకోలేదు. ఆ తెల్లని బట్టలకైతే మార్కు 9లోని మాట సరిగ్గా సరిపోతుంది, లోకంలో ఏ చాకలీ చలువ చేయలేనంత తెలుపు.

వేప_పువ్వు

గాలుమ్ గురించి మొదలైంది కాబట్టి అసలు విషయానికి వస్తాను. ఉంగరాన్ని వేయాల్సిన అగ్నిపర్వతం మౌంట్ డూమ్ దగ్గరి చివరి ఘట్టాన్ని సినిమా పాడుచేసింది. ఈ మాట నేను అభిమానంతోనే అంటున్నాను, ఎందుకంటే ఈ కథలో క్రైస్తవమంతా ఆ ఒక్క నిమిషంలో ఉంది.

పుస్తకంలో ఏం జరుగుతుంది? ఫ్రోడో అగ్ని అంచు దాకా వచ్చి, వేయను, ఇది నాది అంటాడు. కథానాయకుడు ఓడిపోయాడు. గాలుమ్ వాడి వేలు కొరికి ఉంగరం లాక్కుంటాడు, ఆనందంతో గెంతుతూ అంచు తప్పి పడిపోతాడు. ఎవరూ తోయలేదు. ఎవరి ఘనతా లేదు. చంపగలిగీ చంపకుండా వదిలిన ప్రతిసారీ పోగైన కనికరం ఆ క్షణంలో పనిచేసింది, అంతే.

1956లో రాసిన ఒక ఉత్తరంలో టోల్కీన్ ఈ ఘట్టం గురించి పరలోక ప్రార్థన మాటలే ఎత్తి చూపాడు. మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము, మమ్మును శోధనలోకి తేక దుష్టునినుండి మమ్మును తప్పించుము. ఫ్రోడో శోధనలో పడ్డాడు, నిలబడలేకపోయాడు. కానీ తన ఋణస్థుడిని అంతకుముందే క్షమించి ఉన్నాడు. కాబట్టే తప్పించబడ్డాడు.

సినిమాలో? వేలు పోయిన ఫ్రోడో లేచి వెళ్లి గాలుమ్‌తో కలబడతాడు. ఆ పెనుగులాటలో ఇద్దరూ అంచు మీంచి జారతారు. అంటే ఉంగరం పడడానికి ఫ్రోడో కొట్లాట కారణమైంది, అదీ ఉంగరం తిరిగి లాక్కోవాలనే కొట్లాట. కృప చేసిన పనిని కండబలం చేతికి ఇచ్చేశారు.

రెండో_ఆట

ముందు చిత్రీకరించినప్పుడు ఫ్రోడో గాలుమ్‌ను నేరుగా తోసేసేలా తీశారు. అది పచ్చి హత్యలా ఉందని తర్వాత మార్చి మళ్లీ తీశారు. అంటే ఏది కుదరదో వాళ్లకూ తెలిసింది. గాలుమ్ ఊరికే కాలు జారి పడితే తెర మీద అది తేలిపోతుందని పీటర్ జాక్సన్ బృందం భయపడి ఉంటుంది, ఆ భయం నాకు అర్థమవుతుంది.

కానీ వేప_పువ్వు గారు, మీరు ఆ తర్వాతి అర నిమిషాన్ని వదిలేశారు. గాలుమ్ పడిపోయాక ఫ్రోడో అంచు పట్టుకుని వేలాడుతుంటాడు. చెయ్యి రక్తంతో జారిపోతోంది. శామ్ వంగి చెయ్యి చాపి, వదిలేయకు, అందుకో అని అరుస్తాడు. ఫ్రోడో మొహంలో ఒక్క క్షణం, ఉంగరంతో పాటు తానూ పోతే బాగుండు అన్నట్టు కనిపిస్తుంది. అప్పుడు చెయ్యి అందిస్తాడు. మత్తయి 14లో మునిగిపోతున్న పేతురు, ప్రభువా నన్ను రక్షించుము అని కేకవేస్తే యేసు చెయ్యి చాపి పట్టుకుంటాడు కదా. మొదటి భాగం చివర్లో ఈత రాని శామ్ నదిలో మునిగిపోతుంటే చెయ్యి పట్టుకుని పైకి లాగింది ఫ్రోడోనే. అక్కడ ఇచ్చింది ఇక్కడ తిరిగొచ్చింది. కృప సినిమాలోంచి పోలేదు, గాలుమ్ దగ్గర్నుంచి శామ్ చేతికి వచ్చింది.

వేప_పువ్వు

శామ్ చెయ్యి గొప్పదే, కాదనను. కానీ స్నేహితుడు స్నేహితుణ్ణి కాపాడడం ఎక్కడైనా జరుగుతుంది. కయీనును బతకనివ్వడం వల్ల లోకం బతకడం, అది వేరే మాట. మొదటి పోస్టులో గోదారి_గాలి గారు చెప్పిన గురుతు చివరికి పనికొచ్చేది అక్కడే. ఆ ముడి వదులైతే మొదటి సీన్లో డీగల్‌ను అంత ఓపిగ్గా చూపించి ప్రయోజనం ఏముంది?

చంద్రవంక

నేను క్రైస్తవురాలిని కాను, అయినా ఈ చర్చ వదలబుద్ధి కావడం లేదు. గొండోర్ రాజధాని మినాస్ తిరిత్ సభలో పైన మెట్ల మీద తెల్లటి సింహాసనం ఖాళీగా ఉంటుంది, కింద నల్ల కుర్చీలో, రాజు లేనప్పుడు పాలన చూసే డెనెథార్ కూర్చుంటాడు. చూడగానే నాకు నందిగ్రామం తోచింది. అన్న పాదుకలు సింహాసనం మీద పెట్టి, పద్నాలుగేళ్లు కింద కూర్చుని రాజ్యం కాచిన భరతుడు. డెనెథార్ వంశం దాదాపు వెయ్యేళ్లు అలాగే కాచింది. కానీ రాజు వస్తున్నాడని తెలిసి ఇతను, గొండోర్ పాలన నాదే, ఇంకెవరిదీ కాదంటాడు. భరతుడు కాలేకపోయిన భరతుడు! బైబిల్లో దీనికి పోలిక ఉందా?

గోదారి_గాలి

ఉందండీ. మత్తయి 21లో ద్రాక్షతోట కాపుల ఉపమానం. యజమాని తోట కౌలుకిచ్చి దూరదేశం వెళ్తాడు. పంటకాలంలో దాసులను పంపితే కొట్టి చంపుతారు, కొడుకునే పంపితే, వీడే వారసుడు, వీణ్ణి చంపి స్వాస్థ్యం తీసుకుందామంటారు. అప్పగించినదాన్ని సొంతం అనుకోవడమే వాళ్ల పాపం. భరతుడితో పోల్చి చూస్తే డెనెథార్ ఎంత దిగజారాడో ఇంకా బాగా తెలుస్తోంది, థాంక్స్.

ఆరగార్న్ చనిపోయినవారి దారిలోకి వెళ్లే ఘట్టం కూడా చెప్పుకోవాలి. మేము ఆదివారం విశ్వాసప్రమాణంలో, అదృశ్యలోకములోనికి దిగెను అని చెబుతాం. మాట తప్పి శాపంలో ఇరుక్కున్నవాళ్ల దగ్గరికి రాజే దిగి వెళ్లి, వాళ్లను విడిపించడం అదే. సినిమా ఆ పచ్చ దెయ్యాలతో యుద్ధం మొత్తం గెలిపించేసి కొంచెం అతి చేసింది. పుస్తకంలో వాళ్ల పని ఓడలు పట్టుకోవడంతో అయిపోతుంది.

దీపస్తంభం

ఇది సినిమాలో కనిపించదు, పుస్తకం వెనక అనుబంధాల్లో ఉంది. ఉంగరం నాశనమైన రోజు మార్చి 25. మాకు అది మంగళవార్త పండుగ, గబ్రియేలు దూత మరియమాతకు వార్త చెప్పిన రోజు. క్రీస్తు సిలువ మరణం కూడా ఆ తేదీనే జరిగిందని మధ్యయుగాల్లో నమ్మేవాళ్లు. ఎల్ఫ్‌ల నివాసం రివెండెల్ నుంచి ఫ్రోడో బృందం బయల్దేరింది డిసెంబరు 25న. ఇంగ్లండ్‌లో 1752 దాకా మార్చి 25నే కొత్త ఏడాది మొదలయ్యేది, గొండోర్‌లోనూ ఆ తర్వాత అదే ఉగాది అయింది. ఇంతగా లెక్క చూసుకున్న మనిషి కయీనును తెలియకుండా పెట్టి ఉంటాడంటే నేను నమ్మను.

సండేస్కూల్_టీచర్

మీ జవాబుల తర్వాత నిన్న రాత్రి మూడో భాగం చూశాను. కొండ మీద ఫ్రోడో ఇక పాకలేక పడిపోతే, ఉంగరాన్ని మీ బదులు మోయలేను కానీ మిమ్మల్ని మోయగలను అని శామ్ భుజాన వేసుకుంటాడు కదా. అక్కడ ఏడుపు ఆగలేదు. కురేనీయుడైన సీమోను కూడా అంతే, పల్లెటూరి నుంచి వస్తుంటే పట్టుకుని సిలువ మోయించారు. శామ్ కూడా తోటపని చేసుకునే మనిషి. చివర్లో పట్టాభిషేకమైన రాజే ఆ నలుగురు హాబిట్ల ముందు తల వంచితే, మరియమ్మ కీర్తనలోని, దీనుల నెక్కించెను అన్న మాట నోట్లోకి వచ్చేసింది.

పెద్దలతో మాట్లాడి, పదో తరగతి దాటిన పిల్లలకు కొన్ని సీన్లు చూపించాలనుకుంటున్నాను. ఏవి చూపిస్తే మంచిది? మూడో భాగం మామూలుదే 3 గంటల 20 నిమిషాలుంది, పిల్లలు అంతసేపు కూర్చోరు.

రెండో_ఆట

ఎక్స్‌టెండెడ్ (నిడివి పెంచిన కూర్పు) జోలికి వెళ్లకండి, అది నాలుగు గంటలు దాటుతుంది. మూడో భాగంలో మొదటి సీన్ ముందు వేయండి, కొంచెం భయంగా ఉంటుందని చెప్పి. మొదటి భాగంలో మోరియాలో గండాల్ఫ్ కనికరం గురించి చెప్పే ముక్క. మెట్ల మీద రొట్టె సీన్. తర్వాత శామ్ మోసే దగ్గర్నుంచి చెయ్యి అందుకునేదాకా ఆపకుండా.

వేప_పువ్వు

చివరి ఘట్టం వేసే ముందు పుస్తకంలో అది ఎలా ఉందో ఆ పేజీ మాత్రం పిల్లలకు చదివి వినిపించండి టీచర్ గారు. రెండూ తెలిశాక వాళ్లు ఏమంటారో ఇక్కడ తప్పకుండా రాయండి.